దానమూ, బాకీ

గత శీతాకాలంలో హైదరాబాదులో మా కాలేజీకి దగ్గరగా ఉన్న ఒక పాఠశాల విద్యార్థులు అయిదు కిలోమీటర్ల పరుగు ఒకటి ఏర్పాటు చేశారు. అది నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ బాధితుల సహాయార్థం. పరుగెత్తదలచిన ప్రతివారూ కొంత రుసుము కట్టాలి. పిల్లలు ఇల్లిల్లూ తిరిగి చందాలు కూడా పోగుచేస్తారు. వచ్చిన డబ్బుతో బాధితులకు చక్రాల కుర్చీలూ మందులూ కొనిపెడతారు. అంతకంటే ముఖ్యంగా, ఆ వ్యాధిని గురించి నగర ప్రజలలో "అవగాహన" కలిగిస్తారు. ఇదంతా తొమ్మిది, పది తరగతుల పిల్లలు తమంతట తాము తలపెట్టిన పని. మార్కులు తప్ప మరో లోకాన్ని చూడనివ్వని చదువుల మధ్య, తామెన్నడూ చూడని మనుషుల కోసం ఇంతమంది పిల్లలు నెలరోజులు తిరగటం చిన్న విషయం కాదు. నేను చెప్పబోయేదేదీ వాళ్లను చిన్నబుచ్చటానికి కాదని ముందుగానే మనవి చేస్తున్నాను.

నేను తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి గనక, అట్టల మీద రాసే నినాదాలు కాస్త రాసిపెట్టమని వాళ్లు నా దగ్గరకు వచ్చారు. "చేయి చేయి కలుపుదాం, ఫ్లోరైడ్ బాధితులకు చేయూతనిద్దాం" అనేది నేను రాసిచ్చినవాటిలో ఒకటి. మాటలు కుదిరాయి, అందరూ బాగుందన్నారు. అందరూ వెళ్లిపోతుంటే ఒక అమ్మాయి మాత్రం ఆగి అడిగింది:

"సార్, మా ఇంట్లో నల్లాకు కృష్ణా నీళ్లు వస్తాయి. అవి నల్లగొండ జిల్లా మీదుగానే వస్తాయట గదా?"

"అవునమ్మా."

"మరి దారిలో ఉన్న ఊళ్లకు ఇచ్చి, ఆ తర్వాత మనకు ఇవ్వాలి గదా? మనకు ముందెందుకు ఇచ్చారు సార్?"

నేనేదో చెప్పాను. ఏం చెప్పానో ఇప్పుడు గుర్తులేదు. అంటే చెప్పదగినదేమీ చెప్పలేదన్నమాట. ఆ అమ్మాయి నేను రాసిచ్చిన కాగితం తీసుకోకుండా, తన అట్ట మీద ఏం రాయాలో తానే చూసుకుంటానని వెళ్లిపోయింది.

అప్పటినుంచీ రెండు ప్రశ్నలు నన్ను వదలటం లేదు. అవగాహన కలిగించటం అంటే, ఎవరికి, దేన్ని గురించి? రెండోది: పరుగెత్తి డబ్బు పోగుచేసిన పిల్లలకూ, ఆ డబ్బు అందుకున్న మనిషికీ మధ్య ఉన్నది దాతకూ అర్థికీ మధ్య ఉండే సంబంధమా, లేక బాకీపడ్డవాడికీ బాకీ రావలసినవాడికీ మధ్య ఉండే సంబంధమా? మొదటి ప్రశ్నకు సరైన జవాబు దొరికితే రెండోదానికి కూడా దొరుకుతుందని నా నమ్మకం.

ముందు వ్యాధి సంగతి చూద్దాం. నల్లగొండ ప్రాంతంలో భూమి అడుగున ఉన్న నల్లరాతి పొరల నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి కరుగుతుంది. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంతకు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే ముందు పళ్లు గారపట్టి గోధుమరంగుకు తిరుగుతాయి. తరవాత కీళ్లు బిగుసుకుపోతాయి, వెన్నెముక వంగుతుంది, పెరిగే పిల్లల కాళ్లు వంకర్లు పోతాయి. ఇది అంటువ్యాధి కాదు. నీళ్లు కాచి తాగితే పోయేది కూడా కాదు. కాచినకొద్దీ నీరు ఆవిరై ఫ్లోరైడ్ పాలు పెరుగుతుంది. ఒకసారి ఎముక వంగిందంటే ఏ మందూ దాన్ని తిరిగి నిలబెట్టలేదు. పాలూ కూరలూ తినగలిగినవాడికంటే గంజితో సరిపెట్టుకునేవాడి మీద దీని దెబ్బ ఎక్కువ. అంటే రాతిలో పుట్టిన విషం కూడా మనిషిని చేరేసరికి వర్గభేదం నేర్చుకుంటుంది.

ఈ సంగతులు పిల్లలు చక్కగా చదివి, బొమ్మలు గీసి, అట్టల మీద రాశారు. అవి తెలియటం అవసరమే. కాని ఇవి ఎప్పటినుంచి తెలుసు? మన దేశంలో ఈ వ్యాధిని గుర్తించి వైద్యులు ప్రకటించింది 1937లో, నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో. 1940లలో నిజాం రాజ్యంలోని నల్లగొండ జిల్లాలో కూడా ఇదే వ్యాధి ఉన్నట్టు రాశారు. పిల్లల మోకాళ్లు వంకరపోవటానికి ఇదే కారణమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో ప్రకటించారు. ఆ దశాబ్దంలోనే నాగపూరులోని జాతీయ పరిశోధన సంస్థ ఒకటి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు ఉపయోగించి నీటిలోని ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెట్టింది. ఆ పద్ధతికి పెట్టిన పేరు నల్లగొండ పద్ధతి. ఒక జిల్లా పేరు ప్రపంచ శాస్త్ర గ్రంథాలలోకి ఎక్కింది; ఆ జిల్లా ప్రజలు అదే నీరు తాగుతూనే ఉన్నారు.

ఇప్పుడు పరుగు రోజు సంగతి. ఆదివారం తెల్లవారుజామున కొన్ని వందలమంది పోగయ్యారు. అందరికీ తెల్ల బనియన్లు పంచారు. వాటి వీపు మీద, ఇళ్లలో బిగించుకునే నీటిశుద్ధి యంత్రాలు అమ్మే ఒక కంపెనీ పేరు ఉంది. బనియన్ల ఖర్చు భరించింది ఆ కంపెనీ. శుభ్రమైన నీరు కొనుక్కోవలసిన సరుకైపోయిన లోకంలో ఆ సరుకు అమ్మేవాడికి నీటిజబ్బును గురించిన ప్రచారం లాభదాయకం కాకుండా ఎలా ఉంటుంది? దీన్ని కుట్ర అనవలసిన పని లేదు. వ్యాపారి తన వ్యాపారం తాను చేశాడు.

పరుగు అయింతర్వాత చిన్న సభ జరిగింది. మర్రిగూడ వైపు ఊరి నుంచి ఒక బాధితుణ్ణి కారులో తీసుకువచ్చారు. ఆయనకు యాభై దాటి ఉండవు. మనిషి ఎత్తు ఎనిమిదేళ్ల పిల్లవాడంత. ఆయనకు శాలువా కప్పి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, చుట్టూ నిలబడి ఫొటోలు తీసుకున్నారు. రెండు మాటలు చెప్పమని మైకు ఇచ్చారు. ఆయన చెప్పింది నిజంగా రెండు మాటలే:

"బండి మంచిగున్నది, బిడ్డలు సల్లగుండాలె. అందరికి ఎర్క చెయ్యాలని ఉరికిండ్రంట. ఈ నీళ్లల్ల ఏమున్నదో నేను పుట్టకముందే సర్కారుకు ఎర్క. ఎర్క లేంది తాగెటోళ్లకే."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన కృతజ్ఞత చెప్పాడనుకున్నట్టున్నారు.

మేము "అవగాహన" అని అట్టల మీద రాసిన పెద్ద మాటకు ఆయన దగ్గర ఒక చిన్న తెలుగు మాట ఉంది: ఎర్క. ఆ మాటతో ఆయన మా ఉత్సవం మొత్తాన్ని తలకిందులు చేశాడు. ఈ వ్యవహారంలో లోపించింది ఎరుక కాదన్నాడాయన. చేయగలిగినవాడికి ఎరుక ఉంది, చేయలేదు. తాగేవాడికి ఎరుక లేదు, తాగాడు. మరి ఇప్పుడు, ఇన్నేళ్ల తర్వాత, నగరంలో ఆదివారం పొద్దున పరుగెత్తేవాడికి ఎరుక కలిగించి ఏం సాధించదలిచాం?

దీనికి తేలికైన జవాబు ఒకటుంది. ఎరుక కలిగితే జాలి పుడుతుంది, జాలి పుడితే చేయి జేబులోకి పోతుంది. ఇదే దానధర్మాల తర్కం. మన వాళ్లలో కొంతమంది ఈ జాలిని గురించి చులకనగా మాట్లాడతారు. నేను ఒప్పుకోను. జాలి లేనివాడు విప్లవకారుడైనా వాడిని చూసి భయపడవలసిందే. కాని జాలికి ఒక పరిమితి ఉంది. అది ఎదుటివాడి బాధను చూస్తుంది గాని, ఆ బాధకు తనకూ ఉన్న సంబంధాన్ని చూడదు. చూస్తే అది జాలిగా మిగలదు, సిగ్గుగా మారుతుంది. జాలిపడేవాడు ఎప్పుడూ ఒడ్డున నిలబడి ఉంటాడు. నదిలో పడినవాడు వేరొకడు. ఆ ఒడ్డు ఎవరు కట్టారు, దానికి రాళ్లు ఎక్కడినుంచి వచ్చాయి అన్న ప్రశ్న జాలికి తోచదు.

ఈ ప్రశ్న తోచటానికి మార్క్సిస్టు కానక్కర్లేదు కూడా. మార్క్సు పుట్టడానికి ఇరవై ఏళ్ల ముందు, 1797లో, జర్మన్ తత్వవేత్త కాంటు నీతిశాస్త్రాన్ని గురించి రాస్తూ పరోపకారం మనిషి ధర్మమని చెప్పాడు. చెప్పి, వెంటనే ఒక చిక్కు ప్రశ్న వేశాడు. దానం చేయగల స్తోమత ధనికుడికి చాలావరకు ప్రభుత్వం కొందరి పక్షం వహించి అన్యాయం చేయటం వల్ల వచ్చిందే అయినప్పుడు, అతడు చేసేదాన్ని దానమనవచ్చునా అని. కాంటు భావవాదే. అయినా లెక్క చూడటానికి వెనుదీయలేదు. దానం అనే మాట ఎక్కడ చెల్లుతుంది? ఇచ్చేది నాదై, పుచ్చుకునేవాడికి దానిమీద హక్కు లేనప్పుడు చెల్లుతుంది. ఇచ్చేదాని మీద అతడికి ముందే హక్కు ఉంటే, నేను చేసేది బాకీ తీర్చటం. బాకీ తీరుస్తూ దానం చేస్తున్నానని చెప్పుకోవటం అబద్ధం. ఆ అబద్ధానికి శాలువా కప్పించుకునే మనిషి చేత కృతజ్ఞతలు చెప్పించుకోవటం అంతకంటే పెద్ద తప్పు.

నగరానికి నల్లగొండ బాకీ ఉందా? ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న ఇదే. లెక్క చూద్దాం. నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబరు 10న. ఆనకట్ట ఎడమ కొస నల్లగొండ జిల్లాలోనే ఉంది. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతాలు పచ్చబడ్డాయి. అదే జిల్లాలో ఎగువన ఉన్న దేవరకొండ, మునుగోడు ప్రాంతాలు ఎండుగానే ఉండిపోయాయి. కారణం అడిగితే అవి ఎత్తున ఉన్నాయన్నారు. నీరు పల్లమెరుగు అన్న సామెత ఉండనే ఉంది. చాలాకాలం ఆ సామెతే ప్రభుత్వ విధానమయింది.

కాని 2004లో హైదరాబాదు నగరానికి కృష్ణా నీరు వచ్చింది. సాగర్ జలాశయం పూర్తి నీటిమట్టం 590 అడుగులు. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 1,750 అడుగుల ఎత్తున ఉంది. వెయ్యి అడుగులకు మించిన ఆ ఎత్తుకు నీటిని అంచెలంచెలుగా పంపులతో ఎక్కించారు. నల్లగొండ జిల్లా అక్కంపల్లిలో నిలవచేసి, కోదండాపురంలో శుద్ధిచేసి, వంద కిలోమీటర్లకు పైగా గొట్టాలలో నడిపించి, నగరం అంచున సాహెబ్‌నగర్‌కు చేర్చారు. 2008లో రెండో దశ, 2015లో మూడో దశ వచ్చాయి. ఒక్కొక్క దశలో రోజుకు 9 కోట్ల గ్యాలన్లు. ఫ్లోరైడ్ ఊళ్లు నగరం కంటే ఎత్తున లేవు. నీరు పల్లమెరుగుతుంది, నిజమే. డబ్బూ అధికారమూ ఉన్న చోటికి మెరకకు ఎక్కటం కూడా ఎరుగుతుంది.

ఈ మధ్యకాలంలో ఆ జిల్లాలో కొన్ని ఊళ్లకు కృష్ణా నీటి పథకాలు రాలేదని నేను అనటం లేదు. వచ్చాయి, ముక్కలు ముక్కలుగా. ఇంటింటికీ నల్లా అన్న మిషన్ భగీరథ 2016లో ప్రారంభమయింది. 2020 నాటికి రాష్ట్రంలో ఫ్లోరైడ్ నీరు తాగే ఆవాసం ఒక్కటీ మిగలలేదని ప్రభుత్వం చెప్పింది. ఆ పథకానికి పేరు పెట్టినవారు పురాణం మొత్తం గుర్తుతెచ్చుకుని పెట్టారో లేదో! భగీరథుడు గంగను తీసుకువచ్చింది బతికి ఉన్నవాళ్ల దాహం తీర్చటానికి కాదు, బూడిదైపోయిన తన పూర్వులకు గతులు కల్పించటానికి. మర్రిగూడ వైపు నల్లా నీరు వచ్చేసరికి రెండు మూడు తరాల ఎముకలు వంగిపోయి ఉన్నాయి.

నగరవాసి అనవచ్చు: నీళ్లు ఎటు పంపాలో నేను నిర్ణయించలేదు, నాకు తెలియను కూడా తెలియదు, మరి బాకీ నాదెలా అవుతుంది? ఇది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. నేరానికీ బాకీకీ తేడా ఉంది. నేరం చేసినవాడికే అంటుతుంది. బాకీ అలా కాదు. తాత చేసిన అప్పుకు మనమడు నేరస్థుడు కాడు, కాని తాత ఇంట్లో కాపురముంటూ ఆ అప్పు నాకు తెలియదనలేడు. పదమూడేళ్ల అమ్మాయి ఏ నేరమూ చేయలేదు. అయినా తన నల్లా నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయని విచారించింది. నాకూ అదే నల్లా, అవే నీళ్లు. నేను విచారించలేదు. తెలుసుకోదగినదాన్ని తెలుసుకోకపోవటం కూడా ఒక పని కిందికే వస్తుంది. నా మట్టుకు నేను ఆ పని ఏళ్ల తరబడి చేశాను.

ఆ మాటకు వస్తే బాకీ పాతదేనని కూడా అనలేం. నల్లగొండ మెట్టభూములకు కృష్ణా నీటిని తెచ్చేందుకు శ్రీశైలం దగ్గర తవ్వుతున్న సుమారు 44 కిలోమీటర్ల సొరంగంలో 2025 ఫిబ్రవరి 22న కప్పు కూలింది. ఎనిమిదిమంది లోపల చిక్కుకుపోయారు. ఒక్కరూ ప్రాణాలతో బయటపడలేదు. వాళ్లు ఈ జిల్లావాళ్లు కారు, ఈ రాష్ట్రంవాళ్లు కూడా కారు. ఉత్తరాది రాష్ట్రాల నుంచి పనికి వచ్చినవాళ్లు. రేపు ఆ సొరంగంలోంచి నీళ్లు పారిననాడు, నల్లగొండ రైతు కూడా ఎవరికో బాకీపడతాడు. బాకీ లెక్క వేయటం మొదలుపెడితే అది మనుషులను ఒకరికొకరిని చూపిస్తుంది. జాలికి ఈ గుణం లేదు.

ఇక అవగాహన కలిగించటం మరో విధంగా ఎలా జరుగుతుందో ఆ జిల్లా చరిత్రలోనే చూడవచ్చు. 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ స్థానానికి 480మంది పోటీచేశారు. తాగునీటికీ సాగునీటికీ జరిగిన ఆందోళనలో భాగంగా జలసాధన సమితి పిలుపు మీద రైతులూ బాధితులూ మామూలు జనమూ నామినేషన్లు వేశారు. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది. పోలింగు వాయిదా వేయవలసి వచ్చింది. వాళ్లు నగరానికి వచ్చి తమ కాళ్లు చూపించి జాలిపడమనలేదు. ప్రభుత్వం ప్రతి పౌరుడికీ ఇస్తానన్న హక్కు ఒకటుంది. ఆ హక్కును వందలమంది ఒక్కసారి వాడుకునేసరికి యంత్రాంగం మొత్తం ఆగి అటు చూడవలసివచ్చింది. దానికి రాజ్యం ఏం జవాబు చెప్పింది? ఆ ఏడాదే చట్టం సవరించి, లోక్‌సభకు పోటీచేసేవారి ధరావతును 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. నల్లగొండ ఒక్కటే కారణం కాదు. తమిళనాడులోని మొడకురిచ్చి శాసనసభ స్థానంలో ఆ ఏడే వెయ్యిమందికి పైగా పోటీచేశారు. అక్కడ కూడా రైతులే. నీళ్లు రావటానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది గాని, ధరావతు పెరగటానికి ఒక్క ఏడు చాలింది.

ఆ ఎన్నికలో గెలిచింది కమ్యూనిస్టు అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం. ఇది చెప్పి మనం సంతోషించవచ్చు. కాని 480మందికి ఎన్నికల బరిలోకి దిగక తప్పలేదంటే, అప్పటివరకు వాళ్ల నీళ్ల ప్రశ్నను తన భుజాన మోయవలసినవారు చాలినంత మోయలేదనే గదా? సాయుధపోరాటం జరిగిన జిల్లా అది. 1952లో రావి నారాయణరెడ్డిని నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిపించిన జిల్లా. భూమి ప్రశ్నను పట్టుకున్నంత గట్టిగా తాగే నీటి ప్రశ్నను మనం పట్టుకున్నామా? ఈ ప్రశ్న ఈ పత్రిక పాఠకులకు రుచించకపోయినా వేసుకోవలసిందే. బాకీదార్ల జాబితాలో ఇతరుల పేర్లు మాత్రమే రాస్తే అది లెక్క కాదు.

అయితే దానం కోసం డబ్బు పోగుచేయటాన్నే తప్పుపడుతున్నానా? మన చరిత్ర నన్ను ఆ మాట అననివ్వదు. 1943లో బెంగాల్ కరువులో సుమారు ముప్పై లక్షలమంది చచ్చిపోయారు. అప్పుడు ప్రజానాట్య సంఘం, అంటే ఇప్టా, దళాలు దేశమంతా తిరిగి, పాడి, ఆడి, జోలె పట్టి డబ్బు పోగుచేశాయి. అది కూడా సహాయార్థం ప్రదర్శనే. కాని ఆ పాటలూ ఆటలూ కరువు దేవుడు పంపింది కాదని కూడా చెప్పాయి. గిడ్డంగులను, దొంగ వ్యాపారులను, యుద్ధం పేరిట ప్రజలను గాలికి వదిలిన తెల్లదొరల ప్రభుత్వాన్ని వేలెత్తి చూపాయి. చిత్తప్రసాద్ అనే యువ చిత్రకారుడు మిదనాపూరు జిల్లాలో కాలినడకన తిరిగి, ఆకలితో ఉన్న మనుషుల బొమ్మలు గీసి, చూసింది రాసి, ఒక చిన్న పుస్తకంగా వేశాడు. ప్రభుత్వం ఆ పుస్తకాలను పట్టుకుని నాశనం చేసింది. విరాళాలు పోగుచేస్తే ఊరుకున్న ప్రభుత్వం బొమ్మల పుస్తకాన్ని మాత్రం సహించలేకపోయింది. పాలకుడికి ఏ రకమైన అవగాహన అంటే భయమో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు. మన పరుగుకు బనియన్లు ఇవ్వటానికి కంపెనీ ముందుకు వచ్చిందంటే, మన అట్టల మీద రాసినదానిలో భయపడదగింది ఏదీ లేదన్నమాట. అందులో ఒక వాక్యం నేను రాసిందే.

పిల్లలు తమకు ఆదర్శమని టెర్రీ ఫాక్స్ బొమ్మను వేదిక మీద కట్టారు. వాళ్ల ఎంపిక మంచిదే. అతడు కెనడా దేశపు కాలేజీ విద్యార్థి. 1977లో, పద్దెనిమిదేళ్లప్పుడు, ఎముక క్యాన్సరు వల్ల అతడి కుడికాలు తీసేశారు. 1980లో కొయ్యకాలి వంటి కృత్రిమమైన కాలుతో 143 రోజులపాటు 5,373 కిలోమీటర్లు పరుగెత్తి క్యాన్సరు పరిశోధనకు డబ్బు పోగుచేశాడు. మరుసటి ఏడు చనిపోయాడు. ఈ కథలో సాధారణంగా చెప్పని విషయం ఒకటుంది. అతడు డబ్బు అడిగింది పరిశోధన కోసం. రోగులకు ఆపరేషన్లు చేయించటానికి జోలె పట్టవలసిన అవసరం అతడికి లేదు. అప్పటికే ఆ దేశంలో ఆస్పత్రి ఖర్చు, వైద్యుడి ఖర్చు ప్రభుత్వ బీమా కింద ప్రతి పౌరుడికీ హక్కుగా వచ్చింది. ఆ హక్కు కూడా ఊరికే రాలేదు. 1962లో సస్కాచువాన్ రాష్ట్రంలో దాన్ని మొదట అమలుపెట్టినప్పుడు వైద్యులు సమ్మె చేశారు. హక్కు ఉన్నచోట దానం దాని పైన నిలబడి, ఇంకా ఎవరికీ తెలియనిదాన్ని వెతకటానికి తోడ్పడుతుంది. హక్కు లేనిచోట దానం హక్కు ఖాళీలో కూర్చుని, అక్కడ ఖాళీ ఉన్న సంగతే కనపడకుండా చేస్తుంది.

చివరగా ఒక అభ్యంతరం. పదమూడేళ్ల పిల్లలకు ఇంత బరువు మోపాలా? వాళ్లను మంచిపని చేయనివ్వరాదా? హక్కుల లెక్క తేలేదాకా ఆ చక్రాల కుర్చీ ఆపాలా? కుర్చీ ఒక్కరోజు కూడా ఆపకూడదు. దాహంతో ఉన్నవాడికి నీళ్ల చరిత్ర చెప్పి పంపటం నేను చెప్పే నీతి కాదు. ఇవ్వండి, ఇవ్వవలసినదానిలో మొదటి వాయిదాగా ఇవ్వండి. వాయిదా కట్టేవాడు శాలువా కప్పడు, ఫొటో తీయించుకోడు. మిగతా ఎంతో చెప్పమని అడుగుతాడు. పిల్లలకు ఇది బరువు కాదు. పిల్లలకు న్యాయం అర్థమయినంత తేలికగా దానం అర్థం కాదు. ఒకే రొట్టెను ఇద్దరికి పంచేటప్పుడు చిన్నపిల్లలు ఎలా చూస్తారో గమనించండి. "మనకు ముందెందుకు ఇచ్చారు?" అన్నది అటువంటి చూపే. దాన్ని మాన్పించి, చేయూత అన్న మాట నేర్పటమే బరువు మోపటం.

ఆ అమ్మాయి అట్ట సంగతి చెప్పనే లేదు. దానిమీద ఏ ప్రాసా లేకుండా, "మా నల్లా నీళ్లు మీ ఊరి మీదుగా వచ్చాయి" అని రాసుకొచ్చింది. ఇది ఎవరికీ అర్థం కాదనీ, కార్యక్రమానికి సంబంధం లేదనీ నిర్వాహకులైన పెద్దలు దాన్ని వెనక వరసలో పెట్టమన్నారు. నేను అక్కడే ఉన్నాను. అర్థం కాకపోవటానికి అందులో ఏముందని అడగలేదు. వేదిక మీద కూర్చున్న ఆయనకు ఆ అట్ట కనిపించి ఉంటే ఏమనేవాడో నాకు తెలియదు. అంత మందిలో ఆయనతో ఆయన సంగతి మాట్లాడిన వాక్యం అదొక్కటే. మిగతావన్నీ మేము మాతో మేము మాట్లాడుకున్న మాటలు.

ఈ ఏడు కూడా పరుగు పెడతారట. నినాదాల కోసం పిల్లలు మళ్లీ నా దగ్గరకు వస్తే నినాదాలు రాసివ్వను. మూడు పనులు చెబుతాను. పరుగును పార్కులో కాక, కృష్ణా నీరు నగరంలోకి వచ్చే సాహెబ్‌నగర్ రిజర్వాయరు దగ్గర మొదలుపెట్టమంటాను. ముందుగా మర్రిగూడ వెళ్లి, మేము ఏమివ్వాలని కాక, మీకు ఏమి రావాలని అడిగి, వాళ్లు చెప్పింది రాసుకురమ్మంటాను: పింఛను, వైద్యం, నల్లా నీటికి పరీక్షలు, బడి, బస్సు ఏవైతే అవి. ఆ కాగితాన్ని పరుగు అయింతర్వాత వేదిక మీద కాక, ప్రభుత్వ కార్యాలయంలో చదవమంటాను. అప్పుడు బనియన్లు ఎవరూ ఇవ్వకపోవచ్చు. మామూలు చొక్కాలతో పరుగెత్తవచ్చు.

వాళ్ల వెనక వరసలో నాక్కూడా చోటిస్తే, పాత అట్ట ఎక్కడుందో వెతికి తెమ్మని ఆ అమ్మాయిని అడుగుతాను.